రూట్ యాప్ ఇచ్చిన వరసలో పార్సిళ్లు పంచడం కుదురుతోందా? తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి

కొర్లగుంట బండి
మన ఊళ్లలో పార్సిళ్లు పంచే అన్నలను, తమ్ముళ్లను అడుగుతున్నా. యాప్ ఏ వరసలో ఇస్తే ఆ వరసలోనే పోవాలని మా హబ్‌లో (పార్సిళ్లు దించి మాకు పంచే ఆఫీసు) ఈ మధ్య గట్టిగా చెబుతున్నారు. మారిస్తే సాయంత్రం ఫోన్ వస్తుంది. మాకు డబ్బులిచ్చేది పార్సిల్ లెక్కన, కిలోమీటర్ల లెక్కన కాదు. అనవసరంగా తిరిగిన పెట్రోలంతా మా జేబులోదే.

రైలు పట్టాల సంగతే తీసుకోండి. అటో ఇల్లు, ఇటో ఇల్లు ఉంటే మ్యాప్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి, వెంటవెంటనే పెట్టేస్తుంది. పోవాలంటే అండర్‌బ్రిడ్జి దాకా వెళ్లి చుట్టి రావాలి. గట్టి వాన పడితే వెస్ట్ చర్చి అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలుస్తాయని ఊళ్లో అందరికీ తెలుసు, ఆ రోజు కూడా అటే పొమ్మంటుంది. మీ దగ్గర ఎలా ఉంది?

లీలామహల్ సర్కిల్
నా బాధ తిరుపతి ఫ్లైఓవర్ శ్రీనివాస సేతుతో. ఇవ్వాల్సిన షాపు కింద రోడ్డులో ఉంటుంది, యాప్ వంతెన ఎక్కమంటుంది. ఎక్కితే మళ్లీ దిగే దారి వచ్చేదాకా పోతూనే ఉండాలి. షాపు బోర్డు పైనుంచి కనిపిస్తూనే ఉంటుంది, దిగడానికి లేదు. పైన ఉన్నామా కింద ఉన్నామా అన్నది ఫోన్ జీపీఎస్‌కు సరిగ్గా అందదు కాబట్టి, వంతెన మీద ఉండగానే ‘చేరుకున్నారు’ అని కూడా చూపిస్తుంది.

చిత్తూరు పల్లె రూటు
టౌన్‌లో మీరు ఒకటి రెండు కిలోమీటర్లు చుట్టుకుంటారు. మా గుడిపాల, యాదమరి వైపు మ్యాప్‌లో ఇంటి చోటు చూపే పిన్ తప్పు పడితే పూట పోయినట్టే.

మొన్న ఒక రైతుకు బోరు మోటారు స్టార్టర్ వచ్చింది. నీళ్లు పారక పంట ఎండుతోందని పొద్దున్నుంచి ఫోన్ చేస్తున్నాడు. ఆయన్ను ఫోన్‌లో దారి అడుగుతూ తోట గేటు దాకా పోయా. డబ్బులు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇచ్చి ‘డెలివర్డ్’ కొడితే, మీరు చిరునామా దగ్గర లేరు అని యాప్ ఒప్పుకోలేదు. చూస్తే పిన్ మండలం సెంటర్‌లో పడి ఉంది. హబ్‌కు ఫోన్ చేస్తే పిన్ దగ్గరికి పోయి కొట్టమన్నారు. అంత దూరం వెనక్కి పోయి, రోడ్డు పక్కన బండి ఆపి, ఆయనకు ఫోన్ చేసి ఓటీపీ అడిగి కొట్టా. మరుసటి రోజు హబ్ నుంచి ప్రశ్న: పార్సిల్ ఇంటి దగ్గర ఇవ్వకుండా సెంటర్‌లో ఎందుకిచ్చావు?

గేటు దాకా పోయి చేతికిచ్చిన మనిషిని దొంగలా నిలబెట్టి అడుగుతుంటే కడుపు మండదా అన్నా?

జూన్, జూలైలో తోతాపురి కోతలప్పుడు ఇంకో తంటా. గుజ్జు ఫ్యాక్టరీల ముందు మామిడి ట్రాక్టర్లు రోడ్డు పక్కనే బారులు తీరి ఉంటాయి. ఏటా వచ్చే సీజనే, అయినా యాప్ ఆ రోడ్డుకు మామూలు టైమే వేస్తుంది.

ఎం.ఆర్.పల్లి కోడింగ్
నేను డెలివరీ చేయను, ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసే పనిలో కొన్నాళ్లు ఉన్నా. పది ఇళ్లను ఎన్ని వరసల్లో తిరగొచ్చో లెక్కేస్తే 36,28,800 వస్తుంది. మీ బ్యాగులో అంతకంటే చాలా ఎక్కువ ఉంటాయి, అన్ని వరసలూ చూడటం కంప్యూటర్‌కు కూడా అయ్యే పని కాదు. అందుకని దగ్గర దగ్గర పిన్నులను గుంపులు చేసి, ఉన్నంతలో మంచి వరస వెతుకుతుంది. ఆ లెక్క చాలావరకు బాగానే పనిచేస్తుంది. దెబ్బ తినేది అంతకుముందే, చిరునామాను పిన్‌గా మార్చే చోట. ‘రామాలయం వెనక వీధి’ అని ఉంటే దానికి అర్థం కాదు. అర్థం కానప్పుడు చాలా యాప్‌లు ఊరి పేరుకో పిన్‌కోడ్‌కో నడిమధ్య చుక్క పెట్టేస్తాయి. ఒకే చోట పార్సిళ్లు గుట్టగా పడ్డాయంటే అవి నిజమైన పిన్నులు కావు. పొద్దున బయల్దేరే ముందే వాటిని పక్కకు తీసి ఫోన్ చేసుకోండి.

అలిపిరి రోడ్డు
తిరుమల పార్సిళ్లు తీసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎక్కే ఘాట్ వేరు, దిగే ఘాట్ వేరు. అలిపిరిలో తనిఖీ క్యూ ఉంటుంది, ఘాట్‌లో వేగానికి హద్దు ఉంది. యాప్ వేసే టైమ్‌లో ఇవేవీ ఉండవు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు ఘాట్ రోడ్డులో టూవీలర్లు బంద్ అని పోలీసులు ముందే చెబుతారు. ఆ రోజు కూడా నా లిస్టులో కొండ మీద అడ్రస్ వచ్చింది.

బైరాగిపట్టెడ అక్క
మేం తెప్పించుకునేవాళ్లం. డెలివరీ బాబు ప్రతిసారీ పక్క వీధిలోంచే ఫోన్ చేస్తాడు, పాపం ఎండలో తిరుగుతుంటాడు. మావైపు నుంచి ఏం చేస్తే మీకు సులువవుతుంది? డిజిపిన్ అని ఏదో వచ్చిందట కదా, అది రాస్తే చాలా?

ఎం.ఆర్.పల్లి కోడింగ్
అక్కా, డిజిపిన్‌ను తపాలా శాఖ 2025లో తెచ్చింది. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. మీ గేటు ఏ గడిలో ఉందో అది చెబుతుంది, ఎన్నో అంతస్తో చెప్పదు. కంపెనీ యాప్ ఆ కోడ్‌ను చదవకపోతే రూట్ మారదు. రాసినా నష్టం లేదు, కానీ ఆర్డర్ పెట్టేటప్పుడు గేటు ముందు నిలబడి మ్యాప్‌లో పిన్ జరపండి, అది ఎక్కువ పనికొస్తుంది.

కొర్లగుంట బండి
అక్కలా అడిగేవాళ్లుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. కానీ నాకు మింగుడుపడనిది వేరే ఉంది. తప్పు పిన్‌ను నేను సరిచేసి పంపిస్తా. వారం తర్వాత అదే ఇంటికి ఇంకో పార్సిల్ వస్తే, పిన్ మళ్లీ పాత చోటే. ఆ వీధి రోజూ తిరిగేది నేను. నేను చెప్పింది ఎక్కడికి పోతోంది?

హబ్ డెస్క్
నేను వేరే హబ్‌లో పొద్దున రూట్లు చూస్తా. మా దగ్గరైతే రైడర్ సరిచేసిన పిన్ ఆ ఒక్క పార్సిల్‌కే ఉంటుంది, కస్టమర్ చిరునామాలో మారదు. మార్చే అధికారం హబ్‌కు లేదు. ఇంకోటి, చెన్నై నుంచి లారీ లేటైతే రూట్ వేసేశాక సరుకు దిగుతుంది. అదంతా లిస్టు చివర చేరుతుంది, అందుకే పొద్దున పోయిన వీధికే సాయంత్రం మళ్లీ పోతారు. వరస ఎంత పాటించారో మాకు పైనుంచి రిపోర్టు వస్తుంది. ఎందుకు మార్చారో రాసే గడి మాత్రం అందులో లేదు. అది పెట్టమని నేనూ అడుగుతున్నా.

చిత్తూరు పల్లె రూటు
ఆ గడి వస్తే నాకు చాలన్నా. ఊరికే స్క్రీన్‌షాట్లు పంపితే మా హబ్‌లో ఎవరూ చూడటం లేదు. ఎలా పంపాలి?

హబ్ డెస్క్
స్క్రీన్‌షాట్ ఒక్కటే అయితే పైవాళ్లు పక్కన పెట్టేస్తారు. పార్సిల్ ట్రాకింగ్ నంబరు, యాప్ చూపిన చోటు, నిజంగా ఇచ్చిన చోటు లొకేషన్, మధ్య దూరం, ఈ నాలుగూ ఒకే మెసేజ్‌లో రాయండి. కస్టమర్ పేరు, ఫోన్ నంబరు గ్రూపుల్లో పెట్టొద్దు. ఒకే చిరునామా మీద ఇద్దరు ముగ్గురు రైడర్లు పంపితే పైవాళ్లకు ఫిర్యాదు (టికెట్) వేయడానికి నాకు ఆధారం ఉంటుంది. మీ హబ్‌లోనూ అలాగే అడగండి.