సియెనా: ఏరు లేని ఊరికి నీళ్లు ఎక్కడివి? ఒక్క రోజుల ఏం చూడాలె?

నల్లగొండ_ప్రయాణం

అందరికీ నమస్తే. సెప్టెంబర్ల అమ్మానాన్నలను తీసుకొని ఇటలీ పోతున్నం. మకాం ఫ్లోరెన్స్‌ల. అండ్ల ఒక రోజు సియెనాకు పెట్టుకున్నం. ఎక్కడ చదివినా చర్చి, గోపురం, గుర్రప్పందెం అని పేర్లే తప్ప, ఏది ఎందుకు చూడాల్నో తెలుస్తలేదు. నాన్న నీటిపారుదల శాఖల చేసి రిటైర్ అయిండు. ఏ ఊరికి పోయినా మొదలు "ఈడ నీళ్లెక్కడివి?" అనే అడుగుతడు. సియెనా గుట్టల మీద ఉన్నదట, పక్కన ఏరు లేదట. మరి ఏడు వందల ఏండ్ల కింద అంత పెద్ద ఊరు ఎట్ల బతికింది? అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఎక్కుడు దిగుడు తక్కువ ఉండేటట్టు వరుస చెప్పండ్రి.

పానగల్లు_అలుగు

మీ నాన్నగారు అడిగిన ప్రశ్ననే అసలు ప్రశ్న. సియెనాను నీళ్ల దిక్కు నుంచి చూస్తేనే సక్కగ అర్థమైతది.

ఊరి కింద సుమారు 25 కిలోమీటర్ల సొరంగాలున్నయి. వాటిని బొత్తిని అంటరు. పైకప్పు పీపా లెక్క కమాను తిరిగి ఉంటది, అందుకే ఆ పేరు. ఒక మనిషి నిలబడి నడిచేంత ఎత్తు, ఇద్దరు పక్కపక్కన పోలేనంత ఇరుకు. నేల నడుమ గొరెల్లో అనే సన్నని కాలువ పారుతుంటది. వాలు కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున పెట్టిన్రు. అంతకంటే ఎక్కువైతే నీళ్లు కాలువను కోస్తయి, తక్కువైతే ఒండ్రు పేరుకుంటది. నడుమ నడుమ చిన్న తొట్లు కట్టి, మట్టి అడుగుకు దిగినంక తేట నీళ్లే ముందుకు పోయేటట్టు చేసిన్రు.

నీళ్లు ఎక్కడివంటే, గుట్ట పై భాగం ఇసుకరాయి, దాని కింద బంకమన్ను. వాన నీళ్లు ఇసుకరాయిల ఇంకి, బంకమన్ను తగిలిన కాడ ఆగుతయి. సొరంగాన్ని ఆ నీళ్లు ఊరే పొరలకే తవ్విన్రు. గోడల నుంచి బొట్టుబొట్టు కారి గొరెల్లోల కలుస్తది. మన నల్లగొండ గ్రానైటుల ఈ పద్ధతి నడవది. మన దగ్గర రాయి పగుళ్లల్లనే నీళ్లు, అందుకే మనోళ్లు భూమి మీద గొలుసుకట్టు చెరువులు కట్టుకున్నరు. వాళ్ల రాయి వేరు, మన రాయి వేరు.

వాళ్లకు పెద్ద బాధ సున్నం. ఆ నీళ్లల్ల సున్నం ఎక్కువ, కాలువకు గార పట్టి ఇరుకైతది. ఎప్పటికప్పుడు మనుషులు లోపలికి పోయి గీకాల్సిందే. గీకుడు ఆపితే ఫౌంటెన్ల ధార సన్నగైతది.

సొరంగం దిగకుండ ఈ నీళ్లను చూడాలంటే ఫోంతెబ్రాందా అనే పాత ఫౌంటెన్ కాడికి పోవాలె. 1081 నాటికే దాని పేరు కాయిదాలల్ల ఉన్నది. ఇప్పుడు కనిపించే మూడు కమానుల ఇటుక కట్టడం 1246ది. అంటే ఇక్కడ గణపతిదేవుడు ఏలుతున్న కాలం. మొదటి తొట్టి తాగే నీళ్లకు. అది నిండి అలుగు పోసిన నీళ్లు పశువుల తొట్టిలకు, అండ్లకెళ్లి బట్టలుతికే తొట్టిలకు, ఆ తర్వాత కింద తోళ్లు శుద్ధి చేసేటోళ్లకు పోయేటివి. మీ నాన్నగారికి ఒక్క చూపుల అర్థమైతది.

దేవరకొండ_దారి

వరుస నేను చెప్త. ఫ్లోరెన్స్ నుంచి రైలు ఎక్కకండ్రి, బస్సే మేలు. రైలు స్టేషన్ గుట్ట కింద ఉంటది, అక్కడి నుంచి మళ్ల ఎస్కలేటర్లు, నడక. 131 నంబరు బస్సుల ర్యాపిద అని రాసి ఉన్నది ఎక్కితే గంటంబావుల పియాజ్జా గ్రాంషి కాడ, ఊరి పైననే దిగుతరు. అక్కడి నుంచి కాంపో, అంటే ఊరి నడుమ పెద్ద చౌకు దాకా ఎక్కువ ఇబ్బంది లేని దారి. కారు కిరాయికి తీసుకుంటే మటుకు జెడ్‌టీఎల్, అంటే బయటి బండ్లు రావద్దనే బోర్డు దాటకండ్రి. కెమెరా ఫొటో తీస్తది, జరిమానా తర్వాత మీ ఇంటికే వస్తది.

పొద్దున్నే దువోమో, అంటే పెద్ద చర్చి. సెప్టెంబర్ల పోవుడు మీ అదృష్టం. లోపల నేల మీద పాలరాయితో పొదిగిన 56 బొమ్మలున్నయి. ఏడాదిల ఎక్కువ కాలం వాటిని కప్పి పెడతరు. మామూలుగ ఆగస్టు నడుమ నుంచి అక్టోబర్ దాకా తీసి ఉంచుతరు కానీ తేదీలు ఏటేటా మారుతయి, చూసుకొని టికెట్ కొనుండ్రి. ఓపా సి పాస్ అనే ఒక్క టికెట్టుకు చర్చి, పికొలొమిని గ్రంథాలయం, మ్యూజియం అన్నీ వస్తయి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలె. లోపల నికోలా పిసానో 1265–68ల చెక్కిన ప్రసంగ వేదిక ఉంటది. దాన్ని మోసే స్తంభాలల్ల కొన్ని సింహాల వీపుల మీద నిలబడి ఉంటయి, అమ్మను ఒక పక్కన కూర్చోబెట్టి నిమ్మళంగ చూపియ్యండ్రి.

అక్కడి నుంచి కాంపోకు దిగుడే. ఫోంతెబ్రాందాను చివరికి పెట్టుకోండ్రి. అది పూర్తిగ కింద ఉంటది, దిగేటప్పుడు సులువే గని మళ్లెక్కుడు నిలువు. ఆ దిక్కున కోట ద్వారం బయట సాంతా కతెరీనా ఎస్కలేటర్లు ఉన్నయి, దువోమో దగ్గర్లకు ఎక్కిస్తయి. తిరిగొచ్చేటప్పుడు అవే వాడుకోండ్రి.

కాంపోల ఉన్న మాంజా గోపురం అమ్మతో వద్దు. సుమారు 400 మెట్లు, ఇరుకు, నడుమ దిగొచ్చేటోళ్లు ఎదురైతే గోడకు ఒత్తుకొని నిలబడాలె. బ్యాగులు కిందనే పెట్టమంటరు, వాన పడితే మూసేస్తరు.

పాలమూరు_రాళ్లు

కాంపో గురించి ఇంకింత చెప్పాలె. చాలామంది నడుమ నిలబడి ఫొటో దిగి పోతరు. నేలను చూడండ్రి. ఎర్ర ఇటుకను చేప ముల్లు తీరుగ ఏటవాలుగ పరిచిన్రు. తెల్లటి రాతి గీతలు దాన్ని తొమ్మిది భాగాలు చేస్తయి. 1287 నుంచి 1355 దాకా ఊరిని ఏలిన తొమ్మిది మంది పాలక మండలికి అది గుర్తు. మొత్తం చౌకు చిప్ప లెక్క ఒక దిక్కుకు వాలి ఉంటది. వాన నీళ్లన్నీ పలాజ్జో పుబ్లికో, అంటే ఊరి పాలన భవనం ముందున్న ఒక్క మోరీ కాడికి చేరుతయి. ఆ వాలు అందానికి ఒకటే కాదు, వాన నీళ్లు పోయేటందుకు కూడా.

చౌకు పై అంచున ఉన్న ఫౌంటెనే ఫోంతె గాయా. ఇక్కడికి బొత్తిని నీళ్లు 1342ల చేరినయి. గాయా అంటే సంతోషం. అంత ఎత్తుకు నీళ్లు తేవుడు వాళ్లకు పండుగనే మరి. యాకొపొ దెల్లా క్వెర్చా 1419కి చెక్కి ముగించిన అసలు రాళ్లు అరిగిపోయి, ఇప్పుడు సాంతా మరియా దెల్లా స్కాలాల ఉన్నయి. చౌకుల ఉన్నది పందొమ్మిదో శతాబ్దపు నకలు. అసలు చూడాలంటే దువోమోకు ఎదురుంగనే ఉన్న ఆ పాత యాత్రికుల దవాఖానకు పోవాలె.

మాంజా గోపురం 1338ల మొదలైంది, ఓరుగల్లు పడిపోయిన పదిహేనేండ్లకు. సరిగ్గ అదే ఏడు పలాజ్జో లోపల అంబ్రోజో లొరెంజెత్తి మంచి పాలన, చెడ్డ పాలన బొమ్మలు గోడ మీద వెయ్యబట్టిండు. మంచి పాలన గోడల ఇంటి కప్పు మీద మేస్త్రీలు పని చేస్తుంటరు, కోట ద్వారం బార్లా తెరిచి ఉంటది, బయట రైతులు పంట కోస్తుంటరు. చెడ్డ పాలన గోడల కొమ్ములున్న నియంత కూర్చొని ఉంటడు. ఆ గోడ బాగ పాడైంది. తొమ్మిది మంది కూర్చొని నిర్ణయాలు చేసిన గదిల, వాళ్ల కండ్ల ముందే ఈ బొమ్మలు పెట్టుకున్నరు. సియెనాల ఒక్కటే చూడమంటే నేను ఈ గదిని చెప్త. మరమ్మతుల కోసం అప్పుడప్పుడు మూస్తరు, టికెట్ కాడ అడగండ్రి.

దువోమో పక్కన పైకప్పు లేని ఒక పెద్ద గోడ కనిపిస్తది. కూలిపోయిందనుకుంటరు, కాదు. 1339ల చర్చిని ఇంకా పెద్దగ చెయ్యాలని కట్టుడు మొదలుపెట్టిన్రు. 1348ల ప్లేగు వచ్చి ఊరు సగం ఖాళీ అయింది. కట్టినంతల స్తంభాలు, పునాదులు బలం చాలవని కూడా తేలింది. ఆపేసిన్రు. 1555ల స్పెయిన్, ఫ్లోరెన్స్ సైన్యాల ముట్టడికి ఊరు లొంగిపోయింది. ఆ తర్వాత కొత్తగ కట్టే పైసలు లేకనే పాత ఊరు పాతగనే మిగిలింది.

నల్లగొండ_ప్రయాణం

ధన్యవాదాలు, నాన్నకు చదివి వినిపించిన. రెండు సందేహాలు. ఆ సొరంగాలల్లకు మనల్ని పోనిస్తరా? గుర్రప్పందెం మైదానం ఎక్కడున్నది?

పానగల్లు_అలుగు

పోనిస్తరు గని ఊరికే పోయి దిగేది కాదు. గైడుతో, కొద్దిమందినే తీసుకపోతరు, చాలా ముందుగ పేరు రాయించుకోవాలె. నేల తడి, జారుడు. నాన్నగారికి పట్టున్న బూట్లు తొడిగించండ్రి. అమ్మగారిని ఫోంతె గాయా కాడ కూర్చోబెట్టుండ్రి.

దేవరకొండ_దారి

వేరే మైదానం లేదు, కాంపోలనే పందెం. జులై 2, ఆగస్టు 16. ఊర్ల 17 పేటలుంటే ప్రతి పందెంల పదే ఉరుకుతయి, జీను లేకుండ, మూడు చుట్లు, నిమిషంన్నర పని. రౌతు పడిపోయినా గుర్రం ముందొస్తే ఆ పేటదే గెలుపు. పందేనికి కొన్ని రోజుల ముందే ఇటుక మీద మట్టి పరుస్తరు, అప్పుడు పోయినోళ్లకు పైన చెప్పిన తొమ్మిది భాగాలు కనిపియ్యవు. మీరు సెప్టెంబర్ల పోతున్నరు గనుక నేల మొత్తం కనబడుతది. పొద్దు వాలినంక పోండ్రి, ఏటవాలు ఎండల ఇటుక వరుసలు తేటగ లేస్తయి. ఆఖరి బస్సు ఎన్నింటికో మాత్రం దిగంగనే స్టాపు కాడ చూసి పెట్టుకోండ్రి, ఆదివారం తక్కువ ఉంటయి.