యాకూత్ శీతకాలపు ఆబోతు బొమ్మ: మూపురం ఉండాలా, మంచు తుఫాను ఉండాలా?

ప్రశ్న: సభ్యులకు నమస్కారం. పిల్లల కోసం దేశదేశాల చలికాలపు కథలకు బొమ్మలు వేస్తున్నాను. ఇప్పుడు సైబీరియాలోని యాకూత్‌ల, అంటే సఖా ప్రజల, చలిదేవత వంతు వచ్చింది. ఒకచోట అది బ్రహ్మాండమైన ఆబోతు అనీ, మరొకచోట నీలి అంగీ తొడిగి, కొమ్ముల కిరీటం పెట్టుకున్న చిస్‌ఖాన్ అనే ముసలాయన అనీ చదివాను. వీటిలో దేన్ని వేయాలి? ఆబోతును నాలుగుసార్లు వేసినా ఒంగోలు గిత్తే వచ్చింది. చుట్టూ మంచు తుఫాను చుట్టినా బొమ్మలో చలి కనబడటం లేదు.

సమాధానం: మీరు చెబుతున్నది జానపద కథ కనుక ఆబోతునే వేయండి. సఖా భాషలో దాని పేరు జిల్ ఓగుహా, మాటకు మాటగా చెబితే 'ఏడాది ఆబోతు'. చిస్‌ఖాన్ ఆ ఆబోతు పోలికతోనే ఈ కాలంలో రూపుదిద్దుకున్న వేషం. అక్కడి అతిశీతల ప్రాంతమైన ఓయ్‌మ్యకోన్‌లో జరిగే శీతల ధ్రువ ఉత్సవానికి వచ్చే అతిథులను పలకరించేది ఆయనే.

ఒంగోలు పోలిక పోవాలంటే ముందుగా మూపురాన్ని చెరిపేయండి. మన చేతికి అది అలవాటైపోయింది గానీ సఖా పశువులకు అది లేదు. ఆ ఆవులు సుమారు 110 సెంటీమీటర్ల ఎత్తుతో, పొట్టి కాళ్లతో, ఒత్తైన బొచ్చుతో ఉంటాయి. ఆ పొట్టి శరీరాన్నే కొండంత చేసి, ఒంటికి తెలుపూ నీలి మచ్చలూ ఇచ్చి, శక్తినంతా కొమ్ములలో చూపండి.

ఇక తుఫానును పూర్తిగా తీసేయండి. సఖా ప్రజల రాజధాని నగరం యాకూత్స్క్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దాదాపు 38 డిగ్రీలు దిగువన ఉంటుంది, కానీ నడిచలికాలంలో అక్కడ గాలి చాలావరకు కదలదు. అందువల్ల పొగ నిట్టనిలువుగా లేవాలి, ఊపిరి ముట్టె చుట్టూ పొగమంచై నిలవాలి, కనురెప్పల మీద తెల్లని నూగు పేరుకోవాలి. గాలి వీస్తున్నట్టు ఒక్క గీత పడినా ఆ నిశ్శబ్దం చెడుతుంది.

మళ్లీ ప్రశ్న: మూపురం తీసేశాక నిజంగానే వేరే జంతువు వచ్చింది, ధన్యవాదాలు. అయితే కథలో చలి తగ్గేకొద్దీ ఆబోతు కొమ్ములు ఒక్కొక్కటిగా రాలుతాయి కదా. పేజీ పేజీకీ చలి తగ్గుతున్నట్టు రంగులు మార్చకుండా చూపగలమా?

సమాధానం: నీడతో చూపవచ్చు. యాకూత్స్క్ 62వ ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక డిసెంబరు చివరి వారాల్లో మధ్యాహ్న సూర్యుడు నేలకు 5 డిగ్రీల ఎత్తు కూడా రాడు. ఆ పేజీలో ఆబోతు నీడ దాని ఎత్తుకు 12 రెట్లకు పైగా సాగి పక్క పేజీని దాటిపోవాలి. మొదటి కొమ్ము రాలేది జనవరి చివర. అప్పటికి నీడ 5 రెట్లకు దిగుతుంది. రెండోది రాలే ఫిబ్రవరి మధ్యనాటికి 4 రెట్లకు కూడా తక్కువే. పిల్లలు లెక్క వేయరు, కానీ తేడాను కన్ను పట్టేస్తుంది. విరిగిన చోట రక్తం వద్దు, పగిలిన గాజు అంచులా వేయండి. కొమ్ము ఏనుగు దంతంలా వంపు తిరిగినా నేను తప్పు పట్టను, ఆ నేల ఒడ్డులు కోసుకుపోయినప్పుడు మామత్ అనే అంతరించిన బొచ్చు ఏనుగుల దంతాలు బయటపడుతూనే ఉంటాయి.

ఆ తరువాత తల పడిపోతుంది. యాకూత్స్క్ దగ్గర లేనా నది మంచు సాధారణంగా మే నెలలో పగులుతుంది. మిగిలిన మొండెం ఆ మంచుపలకలతో పాటు కొట్టుకుపోతుంది. ఇక్కడ ఒక్క జాగ్రత్త: లేనా ఉత్తరానికి పారి ఆర్కిటిక్ సముద్రంలో కలుస్తుంది, ఆబోతు వచ్చింది కూడా అక్కడి నుంచే. కనుక మొదటి పేజీలో అది ఏ అంచు నుంచి లోపలికి వచ్చిందో, చివరి పేజీలో నది ఆ అంచు వైపే పారాలి.