పెబుల్ బీచ్ ఏడో హోల్: ఎదురుగాలిలో 106 గజాలు ఎలా ఆడాలి?

ప్రశ్న (అమలాపురం):
అందరికీ నమస్కారం. విశాఖలో ఉద్యోగం చేసిన రోజుల్లో నేర్చుకున్న గోల్ఫును, పదవీ విరమణ తరువాత కోతలు అయిన వరిచేలో బంతులు కొట్టుకుంటూ ఎలాగో నిలుపుకుంటున్నాను. వచ్చే నెల కాలిఫోర్నియాలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళుతున్నాను. వాడు పెబుల్ బీచ్ గోల్ఫ్ మైదానంలో ఒక రోజు ఆటకు ఏర్పాటు చేశాడు. అక్కడి ఏడో హోల్ పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించవలసినది), దూరం సుమారు 106 గజాలే, గ్రీన్ (గుంట ఉండే నున్నటి గడ్డి) కూడా టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) కంటే బాగా పల్లంలో ఉంటుంది. గాలి లేనప్పుడు అది నాకు వెడ్జ్ (బంతిని ఎత్తుగా, కొద్ది దూరమే పంపే కర్ర) దూరమే. అయితే సముద్రపు గాలి ఎదురైతే పేరున్న ఆటగాళ్లు సైతం ఇంకా దూరం పంపే ఐరన్లు తీస్తారని చదివాక ధైర్యం సడలింది. నా హ్యాండీక్యాప్ 20, అంటే ఒక ఆటలో పార్ కంటే సుమారు ఇరవై దెబ్బలు ఎక్కువ పడతాయి. ఏ క్లబ్ (కర్ర) తీసుకోవాలి, ఎటు గురిపెట్టాలి?

జవాబు (కాకినాడ):
క్లబ్ సంగతి తరువాత చూడవచ్చు. బంతి గ్రీన్ తప్పితే ఎటు తప్పాలో ముందు నిర్ణయించుకోండి. కుడివైపునా వెనుకా పసిఫిక్ మహాసముద్రం, చుట్టూ బంకర్లు (ఇసుక గుంటలు), మధ్యలో చాప పరిచినంత గ్రీన్. గుంటను చూపే జెండా కుడి అంచున ఉన్నా మీ గురి మధ్యకు కాస్త ఎడమగానే ఉండాలి. 1992 యూఎస్ ఓపెన్ చివరి రోజు, పెనుగాలిలో టామ్ కైట్ ఇక్కడ 6-ఐరన్ కొట్టగా బంతి ఎడమవైపు గడ్డిలో పడింది. ఆయన అక్కడి నుంచి చిప్ చేసి (దగ్గర నుంచి చిన్న దెబ్బ కొట్టి) నేరుగా గుంటలో వేసి, ఆ టోర్నమెంటునే గెలిచారు. చిప్ లోపల పడడం అదృష్టం కావచ్చును గాని, చిప్ చేసే అవకాశం మిగిలింది మాత్రం బంతి ఎడమకు తప్పినందువల్లనే.

జవాబు (నరసాపురం):
ఎదురుగాలిలో వెడ్జ్‌నే మరింత బలంగా కొడదామనుకోవడం అందరమూ చేసే పొరపాటు. బలం పెరిగితే బంతి వెనక్కి తిరిగే వేగం పెరిగి, అది గాలిపటంలా పైకి లేచి ముందే కూలుతుంది. రెండు మూడు క్లబ్బులు పెద్దది, అంటే ఎక్కువ దూరం పంపేది తీసుకుని, పట్టు కిందికి జార్చి, బంతిని కుడికాలి వైపు కొద్దిగా జరుపుకుని, ముప్పావు స్వింగ్‌తో నిదానంగా కొట్టండి. గాలిని టీ మీద కాదు, గ్రీన్ మీది జెండాలో చూడాలి. అంతర్వేదిలో మన చేపల వేటగాళ్లు రేవులో నిలబడి నది సముద్రంలో కలిసే మొగ వద్ద అలల తలలను చూసినట్టు.

జవాబు (యానాం):
పై సలహాతో ఒక ఇబ్బంది ఉంది. గ్రీన్ ముందు కూడా బంకర్ ఉన్నందున, తక్కువ ఎత్తులో వచ్చే బంతిని దొర్లించి ఎక్కించే వీలు లేదు. దాటి పడినా ఆ చిన్న గ్రీన్ మీద ఆగడం కష్టం. ఇరవై హ్యాండీక్యాప్ ఆటగాడు ముందరి ఇసుకకు భయపడనవసరం లేదు. ఇసుకలో పెనాల్టీ లేదు. సముద్రంలో పడితే ఒక స్ట్రోక్ (దెబ్బ) కలుపుకుని మళ్లీ మొదలు. నాలుగు దెబ్బల్లో ముగిస్తే సంతోషించండి.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలు. రేపు సాయంత్రం పైరగాలి మొదలయ్యాక, గట్టున ఉన్న కొబ్బరిచెట్ల మొవ్వుల ఎత్తు దాటకుండా 8-ఐరన్‌తో వంద గజాలు కొట్టి చూస్తాను. ఎడమవైపు మాత్రం మా పంట కాలువే ఉంది.