అప్‌డేట్: నాన్న చేతుల మీది మంటకు కారణం తెలిసింది

నెల కిందట అడిగాను కదా, నాన్నకు మొహం, మెడ, చేతులు ఎర్రగా కమిలి ఒకటే మంట అని. మిరప చేలో మందు కొట్టడం వల్ల వచ్చిన ఎలర్జీ అనుకుని కొబ్బరినూనె రాస్తూ కూర్చున్నాం. "వాడే మందులన్నీ పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి" అన్నవాళ్లకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

డాక్టరుగారు ముందు నాన్న చేతి వాచీ తీయించారు. పట్టీ ఉన్నంత మేర చర్మం శుభ్రంగా ఉంది. చొక్కా గుండీలు విప్పితే ఎరుపు కాలరు దగ్గరే ఆగిపోయింది. గడ్డం కింద, నీడ పడేచోట, ఏమీ లేదు. ఎండ తగిలిన చోటే వచ్చిందని అప్పుడు మాకూ అర్థమైంది.

తర్వాత మందుల సంచి చూశారు. మూడు నెలల కిందట మార్చిన బీపీ మాత్రలో టెల్మిసార్టాన్‌తో పాటు హైడ్రోక్లోరోథయాజైడ్ ఉంది. ఒంట్లో ఉప్పు, నీరు బయటికి పంపే మందు అది. కొందరికి దానివల్ల చర్మం ఎండకు ఓర్చుకోదట. మొటిమలకు మా తమ్ముడు వేసుకునే డాక్సీసైక్లిన్‌తోనూ ఇలా జరగొచ్చన్నారు.

నాన్న ఆ రోజే మాత్ర మానేస్తానన్నారు. నాకు టెన్షన్ వచ్చేసింది, బీపీ పెరిగితే ఇంకా ప్రమాదం కదా. బీపీ చూసే డాక్టరుతో మాట్లాడాకే మాత్ర మార్పించాం. ఇప్పుడు పొద్దున్నే చేలోకి వెళ్లి ఎండ ముదరకముందే వచ్చేస్తున్నారు. పొడుగు చేతుల చొక్కా, తలపాగా, సన్‌స్క్రీన్ తప్పనిసరి. ఎండలో ఉండే, ఇలాంటి మంట తెప్పించే యూవీఏ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలు కిటికీ అద్దం లోంచి కూడా వస్తాయట, అందుకే బస్సులో నీడవైపు కూర్చోబెడుతున్నాను.

మంట పోయింది. కమిలిన చోట నలుపు ఇంకా ఉంది, మెల్లగా తగ్గుతుందన్నారు.