భుజం మీద చెయ్యి: ఎట్రుస్కన్ దంపతుల శవపేటికలో ఉన్నది ప్రేమా, తంతా?

మృణ్మయి:
రోమన్ల కంటే ముందు ప్రాచీన ఇటలీలో వెలిగిన జాతి ఎట్రుస్కన్లు. వాళ్ల ఊరు చెర్వెతెరిలో దొరికి ఇప్పుడు రోమ్‌లోని విల్లా జూలియా మ్యూజియంలో ఉన్న టెర్రకోట శవపేటిక (మూత మీద దంపతుల బొమ్మలుంటాయి, క్రీ.పూ. 530–510) ఫొటో పెడితే చాలు, కింద ‘ఎంత అన్యోన్యమో!’ అని రాస్తారు. ముందు ఆ భంగిమ చూడండి. ఇద్దరూ ఎడమ మోచేతి మీద ఆని పడుకున్నారు, అది ఆనాడు విందుల్లో పడుకుని తినే భంగిమ. భార్య ముందుంది, భర్త వెనకున్నాడు. ఇక అతని కుడి చెయ్యి ఆమె భుజం మీదుగా కాక ఎటు పోతుంది? పైగా ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు, ఇద్దరి చూపూ ఎదుటికే.

అసలు సంగతి చేతుల్లో ఉంది. వేళ్ల వంపు చూస్తే ఏవో వస్తువులు పట్టుకున్నట్టే ఉంది, అవిప్పుడు లేవు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ఇలాంటి పేటిక విషయంలో, భార్య భర్త అరచేతిలో పరిమళ తైలం పోస్తోందని, అది అంత్యక్రియల్లో భాగమని చాలామంది పండితుల అభిప్రాయం. పోయిన వస్తువును లెక్కలోకి తీసుకోకుండా మిగిలిన చేతిని చదివితే అర్థం తప్పుతుంది.

శిలాక్షరం:
భంగిమ వల్ల చెయ్యి అలా పడిందన్నారు, సరే. మరి ఆ భంగిమను ఎంచుకున్నది ఎవరు? గ్రీకు విందు శిల్పాల్లో భార్య మంచం చివర కూర్చుంటుంది, భర్త ఒక్కడే పడుకుంటాడు. ఇక్కడ శిల్పి ఆమెను అదే పరుపు మీదికి తెచ్చాడు. తైలం పొయ్యడం తంతే కావచ్చు, కానీ ఆ తంతుకు భుజం పట్టుకోవాల్సిన పని లేదు.

బోస్టన్ మ్యూజియంలో వుల్చి అనే మరో ఎట్రుస్కన్ ఊరి నుంచి వచ్చిన పేటిక మూత ఉంది: లార్త్ తెత్నియెస్, భార్య థాంఖ్విల్ తర్నాయ్. ఒకే దుప్పటి కింద, ఒకరినొకరు పొదివి పట్టుకుని, కళ్లలో కళ్లు పెట్టి చూసుకుంటున్నారు. అక్కడ విందు లేదు, తైలం లేదు. దాన్నేమంటారు?

రేఖాచిత్రం:
ఒక జాగ్రత్త. ఈ చర్చలోకి క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు థియోపాంపస్‌ను సాక్షిగా తేవొద్దు. ఎట్రుస్కన్ స్త్రీలు పరాయి మగవాళ్లతో విందుల్లో పడుకునేవారని రాశాడు. గ్రీకుల విందుల్లో మగవాళ్ల పక్కన ఉండేది వేశ్యలే, ఇల్లాళ్లు కాదు. ఆ కళ్లద్దాలతోనే వీళ్లనూ చూశాడు. అంతకంటే ఇంకో ఎట్రుస్కన్ ఊరు తార్క్వీనియాలోని ‘డాళ్ల సమాధి’ గోడ మీది చిత్రం నయం: వేలియా సెయితిథి భర్త లార్త్ వేల్చా భుజం మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో గుడ్డు అందిస్తోంది. తంతూ స్పర్శా ఒకే బొమ్మలో ఉన్నాయి. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలని పట్టుబట్టడం మన అలవాటు.

మృణ్మయి:
బోస్టన్ మూత విషయంలో ఒప్పుకుంటాను, అది ఆలింగనమే. కానీ అది క్రీ.పూ. 350–300 నాటిది, ఊరూ వేరు. దాన్ని దాదాపు 200 ఏళ్లు వెనక్కి మోసుకెళ్లి చెర్వెతెరి బొమ్మకు అంటగట్టడమే నాకు అభ్యంతరం.