పిల్లాడికి చదవడం రావట్లేదు: ముందు ప్రైవేటు అసెస్‌మెంటా, ప్రభుత్వ ఆసుపత్రా?

పలక_బలపం (చర్చ మొదలు):
విషయం ఇదీ. తొమ్మిదేళ్ల పిల్లాడు, నాలుగో తరగతి, సీబీఎస్‌ఈ బడి. నోటితో అడిగితే పాఠమంతా చెప్తాడు, పుస్తకం ముందు పెడితే మాటమాటకీ ఆగిపోతాడు. డిక్టేషన్‌లో ఒత్తులు ఎగిరిపోతాయి, ‘అమ్మమ్మ’ కాస్తా ‘అమమ’ అవుతుంది. బడివాళ్లు లెర్నింగ్ డిజబిలిటీ (తెలివి ఉన్నా చదవడం, రాయడం, లెక్కలు పట్టుబడని లోపం) రిపోర్టు తెమ్మన్నారు. ఇలాంటప్పుడు ప్రైవేటు క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి ముందు వెళ్లాలా, నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలా అన్నది ఇక్కడ ఎప్పటికీ తెగట్లేదు. మీ అభిప్రాయం కారణాలతో సహా చెప్పండి.

కృష్ణాతీరం:
నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికే. 2016 వికలాంగుల హక్కుల చట్టం స్పెసిఫిక్ లెర్నింగ్ డిజబిలిటీని 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. ఆ చట్టం కింద చెల్లే సర్టిఫికెట్ ఇచ్చేది ప్రభుత్వం నియమించిన మెడికల్ అథారిటీ మాత్రమే. పరీక్షలో గంటకు 20 నిమిషాల చొప్పున, అంటే మూడు గంటల పేపరుకు గంట అదనపు సమయం, స్క్రైబ్ (పిల్లాడు చెప్తే జవాబు రాసిపెట్టే మనిషి), ఇవన్నీ ఆ కాగితం మీదే ఆధారపడతాయి. ప్రైవేటు రిపోర్టు పాతిక పేజీలున్నా దాని స్థానంలోకి రాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఐక్యూ టెస్టు ఒకసారి చేశాక అదే టెస్టు ఏడాది లోపు మళ్లీ చేస్తే స్కోరు పెరుగుతుంది. తెలివి పెరిగి కాదు, బ్లాకులు ఎలా పేర్చాలో పిల్లాడికి గుర్తుండిపోయి. ప్రైవేటులో జనవరిలో చేయించి జూన్‌లో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తే అక్కడ వచ్చే అంకెను నమ్మలేం. డబ్బు పోవడమే కాదు, అసలు కొలత కూడా చెడుతుంది.

వరండా:
కృష్ణాతీరం గారూ, రెండో మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. మొదటిది సగమే నిజం. సర్టిఫికెట్ పరీక్ష హాల్లో పనికొస్తుంది. సోమవారం నుంచి పిల్లాడికి ఏ పాఠం ఎలా చెప్పాలో అందులో ఉండదు. అది తెలియాలంటే వివరమైన ప్రొఫైల్ కావాలి. వందమంది వరుసలో నిలబడే ఓపీలో అంత సమయం దొరకడం కష్టం. అక్కడి డాక్టర్ల తప్పు కాదు, రద్దీ అంతటిది.

మంచి ప్రైవేటు అసెస్‌మెంట్ ఒక్క పూటలో అవ్వదు. మొదట తల్లిదండ్రులతో గంటసేపు మాట్లాడాలి: కాన్పు ఎలా జరిగింది, మాటలు ఎప్పుడొచ్చాయి, ఫిట్స్ వచ్చాయా, ఎన్ని బడులు మారాడు, ఇంట్లో ఇంకెవరికైనా చదవడం కష్టమైందా. రెండోసారి ఐక్యూ, గంట నుంచి గంటన్నర. మూడోసారి చదవడం, రాయడం, స్పెల్లింగ్, లెక్కలు. ఆ తరవాత ఫలితం కూర్చోబెట్టి వివరించడానికి ఇంకో పూట. ఇవన్నీ పొద్దుటిపూటే పెట్టాలి. బడి వదిలాక సాయంత్రం ఐదింటికి కూర్చోబెడితే అలసట కొలుస్తారు, చదువు కాదు. జలుబు, జ్వరం ఉన్న రోజు వాయిదా వేయమని అడగడానికి మొహమాటపడకండి.

వీటన్నిటికంటే ముందు కంటి పరీక్ష, చెవి పరీక్ష. తరచూ చెవిపోటు వచ్చే పిల్లలకు చిన్నపాటి వినికిడి లోపం ఉంటే డిక్టేషన్ తప్పులు అచ్చం ఇలాగే కనబడతాయి. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) లేకుండా టెస్టులు మొదలెట్టే చోట మొదటి మెట్టే తప్పింది.

పలక_బలపం:
సైకాలజిస్టు అసలువారో కాదో తల్లిదండ్రులకు ఎలా తెలుస్తుంది?

వరండా:
రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, సీఆర్‌ఆర్ నంబరు అంటారు. 1992 చట్టం ప్రకారం ఈ రిజిస్టర్‌లో ఉన్నవారే క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు చేయాలి. ఆ పేరు, నంబరు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూడొచ్చు. గోడమీద కౌన్సెలింగ్ డిప్లొమా ఉంటే కౌన్సెలింగ్‌కు సరిపోతుందేమో, ఈ రిపోర్టుకు సరిపోదు. ఒక్కోచోట టెస్టు ఇంటర్న్ చేసి, సంతకం ఇంకొకరు పెడతారు. కాబట్టి పిల్లాడి ఎదురుగా కూర్చునేది ఎవరో ముందే కనుక్కోండి.

గుణింతం:
ప్రైవేటా ప్రభుత్వమా అన్నదాని మీదే అందరూ ఆగిపోతున్నారు. నా దృష్టిలో అంతకంటే పెద్ద ప్రశ్న టెస్టు ఏ భాషలో చేశారన్నది. రెండు చోట్లా పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

లెక్క చూడండి. మనదగ్గర ఎక్కువగా వాడే మాలిన్ ఇంటెలిజెన్స్ స్కేల్‌లో రెండు భాగాలుంటాయి. మాటలతో చేసేవి: సమాచారం, అర్థం చేసుకోవడం, నోటిలెక్కలు, పోలికలు, పదజాలం, అంకెలు తిరిగి చెప్పడం. చేతితో చేసేవి: బొమ్మలో లోపం పట్టడం, బ్లాకులు, ముక్కలు కలపడం, కోడింగ్ (అంకెలకు జతైన గుర్తులు త్వరగా రాయడం), చిక్కుదారులు. రెండిటి సగటే మొత్తం ఐక్యూ. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లాడికి పదజాలం, పోలికలు ఇంగ్లీషులో అడిగారనుకోండి. మాటల భాగం 66 వస్తుంది, చేతి భాగం 102 వస్తుంది. సగటు 84. 2018లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం (2024లో వాటిని సవరించారు) ఐక్యూ 85 దాటితేనే లెర్నింగ్ డిజబిలిటీ టెస్టుల దాకా వెళ్లేవారు. ఒకటి రెండు అంకెల తేడాతో పిల్లాడు ‘స్లో లర్నర్’ అన్న మాట మోసుకుని ఇంటికి వస్తాడు. అవే ప్రశ్నలు తెలుగులో అడిగితే ఆ 66 అక్కడే ఉండేది కాదు.

అందుకే రిపోర్టులో ముందు మొత్తం స్కోరు వెతకకండి. ‘టెస్టు భాష’ అన్న వరుస ఉందా, రెండు భాగాల స్కోర్లు విడివిడిగా ఇచ్చారా చూడండి. ఇరవై ముప్ఫై పాయింట్ల తేడా ఉన్నప్పుడు సగటుకు అర్థమే లేదు, ఆ మాట రిపోర్టులో రాసి ఉండాలి.

ఇక తెలుగు చదవడం గురించి. తెలుగులో ఏ తప్పు లోపానికి గుర్తు, ఏది మామూలు అన్నది తెలుగు తెలిసినవాళ్లే చెప్పగలరు. ‘ధనం’ బదులు ‘దనం’, ‘శాంతి’ బదులు ‘సాంతి’ రాస్తే కంగారు పడక్కర్లేదు. మనం మాట్లాడేటప్పుడే ఆ తేడాలు చాలావరకు వినబడవు. కానీ ‘పాలు’కు ‘పలు’, ‘మేడ’కు ‘మెడ’, ‘గట్టు’కు ‘గటు’ పదేపదే రాస్తుంటే ఆలోచించాలి. దీర్ఘం, ద్విత్వం పిల్లాడి చెవికి స్పష్టంగా వినబడతాయి, వాటితో అర్థమే మారిపోతుంది. అవి కాగితం మీదికి రావట్లేదంటే శబ్దానికీ అక్షరానికీ మధ్య ముడి సరిగ్గా పడలేదన్నమాట. తప్పులు లెక్కపెట్టి ‘40 తప్పులు’ అని వదిలేసిన రిపోర్టుకంటే, తప్పుల్ని ఇలా విడదీసి రాసిన ఒక్క పేజీ విలువైనది.

నిమ్మచెట్టు:
గుణింతం గారు చెప్పింది స్పెషల్ ఎడ్యుకేటర్లందరూ (ఇలాంటి పిల్లలకు విడిగా పాఠం చెప్పే టీచర్లు) గోడకు అంటించుకోవాలి. దానికి ఒకటి కలుపుతాను. ఒత్తులు పూర్తిగా పట్టుబడటానికి మామూలు పిల్లలకే మూడు నాలుగు తరగతులు పడుతుంది. త, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు, కొత్త గుర్తులుగా నేర్చుకోవాల్సిందే. రెండో తరగతిలో ఒత్తులు రాలేదని రిపోర్టు రాయించేయకండి. అలాగే తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియంకు మారి ఏడాది కూడా కాని పిల్లాడి ఇంగ్లీషు చదువును ‘రెండు తరగతులు వెనక’ అని కొలవడం అన్యాయం. చదువు చెప్పకపోవడం వేరు, చెప్పినా పట్టుబడకపోవడం వేరు.

కాబట్టి అసలు ప్రశ్నకు నా జవాబు: ఏ టెస్టు కోసమూ పాఠం ఆపొద్దు. అపాయింట్‌మెంట్ దొరికేలోగా వారానికి నాలుగు రోజులు, రోజుకు 30 నిమిషాలు, ఒక్కో వారానికి ఒక్క ఒత్తు. ముందు మాట వినిపించి, చప్పట్లతో ముక్కలు చేయించి, తరవాత ఇసుకలోనో పలకమీదో రాయించి, ఆఖర్న చదివించాలి. ప్రతి శుక్రవారం కొత్త పేరా ఒకటి నిమిషంపాటు చదివించి, సరిగ్గా చదివిన మాటలెన్నో తేదీతో రాసిపెట్టుకోండి. పన్నెండు వారాల ఆ కాగితం సైకాలజిస్టుకు ఏ టెస్టూ ఇవ్వని సమాచారం ఇస్తుంది. బాగా చెప్పినా ఆ అంకె కదలకపోతే లోపం ఉందన్న అనుమానం బలపడుతుంది. చకచకా ఎక్కితే కొరవడింది బోధనే.

కృష్ణాతీరం:
ఒప్పుకుంటాను, కానీ ఆ పన్నెండు వారాలు ముప్ఫై ఆరు కాకుండా చూసుకోవాలి. ‘కాస్త ఎదిగితే అదే వస్తుంది’ అని ఎనిమిదో తరగతి దాకా ఆగి, తొమ్మిదిలో బోర్డు రిజిస్ట్రేషన్‌కు ముందు పరుగెత్తే కుటుంబాలే ఎక్కువ. 2018 మార్గదర్శకాల్లో సర్టిఫికెట్‌కు కనీస వయసు ఎనిమిదేళ్లు, 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ చూపించుకోవాల్సి ఉండేది; 2024 సవరణ తరవాతి గడువులు ఆసుపత్రిలో అడగండి. తొమ్మిదేళ్ల పిల్లాడికి దారి ఇప్పుడే తెరిచి ఉంది. ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీకి (వికలాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు పెట్టి వరుసలో ఉండండి, ఆలోగా మిగతావి చేసుకోండి. ప్రైవేటుకు వెళ్లొద్దన్న నా మాట మాత్రం పూర్తిగా వదులుకోను. ఒక నెల జీతంలో పెద్ద భాగం పెట్టాల్సి వచ్చే ఇంటికి ప్రభుత్వ దారే ముందు చెప్పాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని నీపిడ్ (మేధో వైకల్యాల కేంద్ర సంస్థ), ఎర్రగడ్డ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, విశాఖ మానసిక వైద్యశాల లాంటి చోట్ల ఏ రోజు ఏ టెస్టులు చేస్తారో ఫోన్‌లో కనుక్కుని బయల్దేరండి. లేకపోతే ఊరినుంచి వచ్చి ఊరికే తిరిగి వెళ్లాల్సి వస్తుంది.

వరండా:
ప్రైవేటులో చేయిస్తే మాత్రం ఆ రిపోర్టు ప్రభుత్వ ఆసుపత్రిలో దాచకండి. దాస్తే రెండో స్కోరు చెడుతుందన్న భయం లేకుండా చాలామంది దాస్తారు. ఏ తేదీన ఏ టెస్టు చేశారో తెలిస్తే అక్కడివాళ్లు వేరే టెస్టు ఎంచుకోవచ్చు, లేదా గడువు చూసుకోవచ్చు.

రిపోర్టుతోపాటు ‘ఇరవై సెషన్ల థెరపీ ప్యాకేజీ’ అంటగడితే దేనికని అడగండి. చదవడంలో ఇబ్బంది కౌన్సెలింగ్‌తో పోదు, పద్ధతిగా నేర్పితేనే తగ్గుతుంది. రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలు డిస్లెక్సియాను (చదవడంలో వచ్చే లెర్నింగ్ డిజబిలిటీని) తగ్గిస్తాయనడానికి ఆధారం లేదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కంటి వైద్య సంఘాలతో కలిసి 2009లోనే చెప్పింది. థెరపీ కావాల్సిన పరిస్థితి వేరే: బడికి వెళ్లే రోజుల్లోనే కడుపునొప్పి రావడం, నోటుబుక్కు చింపడం, ‘నేను మొద్దుని’ అని పదేపదే అనడం. అప్పుడు ఆ భయానికి విడిగా చికిత్స కావాలి, పాఠం దాని పక్కనే నడవాలి. రాత్రిపూట ఇంట్లో తట్టుకోలేని పరిస్థితి వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నిమ్మచెట్టు:
అసెస్‌మెంట్‌కు వెళ్లేరోజు సంచిలో పెట్టుకోవాల్సినవి: రెండేళ్ల ప్రోగ్రెస్ కార్డులు, క్లాసువర్క్ నోటుబుక్కులు (ఇంట్లో దిద్దినవి కాదు, తప్పులతో ఉన్నవి), కంటి, చెవి రిపోర్టులు, ఆ శుక్రవారం కాగితం. పిల్లాడికి ముందురోజు ప్రాక్టీసు చేయించకండి. ‘టెస్టు’ అనకండి, ‘నువ్వు ఎలా నేర్చుకుంటావో చూస్తారు’ అని చెప్పి, కడుపునిండా టిఫిన్ పెట్టి తీసుకెళ్లండి.