అప్‌డేట్: రాగి తీగ నిరోధం తక్కువగా పెరుగుతోందన్న సమస్య తీరింది

పోయిన నెల అడిగింది నేనే. కోనసీమలో మా కాలేజీ ల్యాబ్‌లో రాగి తీగ చుట్ట కరిగే మంచులో 2.6 ఓమ్‌లు, మరిగే నీళ్లలో 3.46 చూపించింది. పెరిగింది 33 శాతమే. రాగికైతే దాదాపు 43 రావాలి.

తీగలో మలినాలున్నాయేమోనని చాలామంది అన్నారు. చెరువుల మోటార్లకు వైండింగ్ చేసే షాపులో కొన్న తీగ కాబట్టి నాకూ అదే అనుమానం. కానీ తీగ మంచిదే. తీగ వంపులకూ, పై ఎనామిల్‌కూ సంబంధం లేదు.

నాలుగు తీగల పద్ధతిలో (కరెంటు పంపడానికి రెండు తీగలు, వోల్టేజి చూడటానికి వేరే రెండు) కొలవమన్న సలహా పనిచేసింది, ఆ సలహా ఇచ్చినవారికి కృతజ్ఞతలు. మా మేడమ్ దగ్గరుండి కొలిపించారు: 2.0, 2.86. సరిగ్గా 43 శాతం! మిగతా 0.6 ఓమ్ క్లిప్పులదీ, లీడ్లదీ (మీటర్ నుంచి వచ్చే తీగలదీ). ఉప్పుగాలికి క్లిప్పుల పళ్లకు పచ్చటి చిలుము పట్టింది.

మేడమ్ చెప్పిన మాట ఇక్కడ రాయాలి. కదలని, లోపంలేని స్ఫటికంలో ఎలక్ట్రాన్ తరంగం అడ్డులేకుండా సాగిపోతుంది. 1928లో భౌతికశాస్త్రవేత్త ఫెలిక్స్ బ్లాఖ్ చూపింది అదే. దాన్ని చెదరగొట్టేవి పరమాణువుల కంపనాలు, మలినాలు, లోపాలు. అందుకే గది ఉష్ణోగ్రతలో కూడా రాగిలో ఎలక్ట్రాన్ చెదరకుండా సుమారు 40 నానోమీటర్లు, అంటే వందకు పైగా పరమాణువులు దాటుతుంది. వేడికి కంపనాల వాటా పెరుగుతుంది, మలినాల వాటా దాదాపు మారదు. మా క్లిప్పుల నిరోధం కూడా మారలేదు, అందుకే అచ్చం మలినంలా కనిపించింది.

మీరు కొలిచేటప్పుడు ముందు రెండు లీడ్లూ ఒకదానికొకటి కలిపి మీటర్ చూడండి, వాటి నిరోధం ఎంతో తెలుస్తుంది.